అపాయింట్‌మెంట్ తీసుకుని చెప్పకుండా మానేసే పేషెంట్లు: చిన్న క్లినిక్‌లు ఏం చేయాలి

సాయంత్రం ఓపీకి ఇరవై పేర్లు రాసి ఉంటాయి. ఆరున్నర ప్రాంతంలో రావాల్సిన ముగ్గురు రారు. డాక్టర్ గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటారు. ఏడున్నర దాటాక ఆలస్యమైనవాళ్లు, టోకెన్ లేకుండా నేరుగా వచ్చినవాళ్లు కలిసి హాలంతా నిండిపోతారు. దిల్‌సుఖ్‌నగర్‌లోనైనా కూకట్‌పల్లిలోనైనా ఒకటి రెండు గదుల క్లినిక్‌లో ఇది రోజూ కనిపించే దృశ్యమే. ‘వాళ్లకు లెక్కలేదు’ అని రిసెప్షన్‌లో విసుక్కుంటారు గానీ, చాలామంది విషయంలో అది నిజం కాదు. రాలేమని చెప్పడానికి మొహమాటం, చెబుదామన్నా ఎత్తని ఫోన్. మానేసి ఊరుకోవడం కన్నా ‘రావట్లేదు’ అని చెప్పడం తేలికైతే సగం చిక్కు తీరుతుంది.

ముందు నాలుగు వారాలు లెక్క రాయండి. సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, గీతల నోట్‌బుక్ చాలు. బుక్ చేసిన తేదీ, రావాల్సిన తేదీ, టైమ్, కొత్త పేషెంటా రివ్యూనా, చివరికి ఏమైంది. ఆఖరి గడిలో నాలుగు గుర్తులే ఉండాలి: వచ్చారు, ఆలస్యంగా వచ్చారు, ముందే చెప్పి మానుకున్నారు, చెప్పకుండా రాలేదు. చాలా చోట్ల ఇక్కడే పొరపాటు జరుగుతుంది. అరగంట ఆలస్యంగా వచ్చినవాళ్లనీ, పొద్దున్నే ఫోన్ చేసి చెప్పినవాళ్లనీ ‘రాలేదు’ కింద కలిపేస్తే ఆ అంకెతో ఏ నిర్ణయమూ తీసుకోలేం. ఉదాహరణకు నెలలో 480 బుకింగ్‌లకు 72 మంది చెప్పకుండా మానేస్తే 15 శాతం. ఆ 72 మందిలో ఎంతమంది పది రోజుల ముందే బుక్ చేసుకున్నవాళ్లో చూడండి. బుకింగ్‌కీ తేదీకీ ఎడం పెరిగేకొద్దీ మరుపూ పెరుగుతుంది, ఈలోపు నొప్పి తగ్గిపోతుంది, లేదా వీధి చివర ఇంకో డాక్టర్ దొరుకుతారు. అందుకే కొత్త పేషెంట్లకు రోజూ నాలుగైదు టోకెన్లు ఆ రోజుకో మర్నాటికో ఖాళీగా ఉంచడం లాభం.

బుక్ చేసేటప్పుడు ఒక నిమిషం ఎక్కువ పెట్టండి. ‘గురువారం రండి’ అంటే ఏ గురువారం? వారం, తేదీ, ‘సాయంత్రం ఆరున్నర’ అని మూడూ చెప్పి, వాళ్ల నోటితో ఒకసారి చెప్పించుకోండి. ఫోన్ నంబర్ రాసుకున్నాక అక్కడికక్కడే రింగ్ ఇవ్వండి, తప్పు అంకె అప్పుడే బయటపడుతుంది. పెద్దవాళ్లయితే వాళ్లను వెంటబెట్టుకొచ్చే కొడుకుదో కోడలిదో నంబర్ రెండోదిగా తీసుకోవాలి. చాలాసార్లు పెద్దాయన సిద్ధంగానే ఉంటారు, తీసుకొచ్చేవాళ్లకు సెలవు దొరకదు. మాదాపూర్‌లో నైట్ షిఫ్ట్ చేసేవాళ్లకు పొద్దున తొమ్మిదింటి టోకెన్ ఇవ్వడం, నల్గొండ నుంచి బస్సులో ఎంజీబీఎస్‌లో దిగి రావాల్సినవాళ్లకు రాత్రి ఎనిమిది ఇవ్వడం మనం చేసే తప్పులే. ‘మీకు ఏ టైమ్ కుదురుతుంది?’ అని అడిగితే పోయేదేమీ లేదు.

క్యాలెండర్‌లో కొన్ని రోజులు ముందే ఎర్రసిరాతో గుర్తు పెట్టుకోండి. ఆషాఢంలో బోనాల ఆదివారాలు, మర్నాడు ఊరేగింపు జరిగే సోమవారం. బాలాపూర్ నుంచి హుస్సేన్ సాగర్ దాకా ట్రాఫిక్ మళ్లించే గణేశ్ నిమజ్జనం రోజు. జనవరి 12 నుంచి నగరం ఖాళీ అయ్యే సంక్రాంతి వారం. రంజాన్ నెలలో మెహిదీపట్నం, టోలిచౌకి వైపు క్లినిక్‌లు ఇఫ్తార్ వేళకు టోకెన్లు రాస్తే ఎవరూ రారు. కొత్త చికిత్స మొదలుపెట్టాల్సిన రోజు అమావాస్య అయితే ఒప్పుకున్నట్టే తల ఊపి మానేసేవాళ్లు ఉంటారు. మంగళవారం మూడు నుంచి నాలుగున్నర దాకా రాహుకాలమని ఆపరేషన్ మాట ఎత్తనివాళ్లూ ఉంటారు. వాదన అనవసరం, ముందే అడిగి వేరే టైమ్ ఇవ్వండి.

గుర్తుచేయడం రెండుసార్లు చాలు: రెండు రోజుల ముందు ఒకటి, ఆ రోజు పొద్దున ఒకటి. మొదటిదే ముఖ్యం, ఎందుకంటే ఎవరైనా రామంటే ఆ టోకెన్ ఇంకొకరికి ఇచ్చే వ్యవధి ఉంటుంది. మెసేజ్ ఇలా ఉండొచ్చు:

‘నమస్తే. 14వ తేదీ గురువారం సాయంత్రం 6:30కి మా క్లినిక్‌లో మీ అపాయింట్‌మెంట్. వస్తుంటే 1, వేరే రోజు కావాలంటే 2, అవసరం లేదనుకుంటే 3 అని పంపండి.’

జబ్బు పేరు, డిపార్ట్‌మెంట్, టెస్ట్ పేరు రాయకండి. ఒకే ఫోన్ ఇంటిల్లిపాదీ చూస్తారు. మానసిక వైద్యం, సంతాన సమస్యలు, చర్మవ్యాధుల క్లినిక్‌లైతే బోర్డు మీది పేరే గుట్టు రట్టు చేయొచ్చు, అప్పుడు డాక్టర్ పేరు ఒక్కటే సరిపోతుంది. వాట్సాప్‌లో ఒక్కొక్కరికి పంపడం వేరు, కంపెనీల ద్వారా బల్క్ ఎస్సెమ్మెస్ పంపడం వేరు. రెండోదానికి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నియమాల ప్రకారం డీఎల్‌టీ అనే ఆన్‌లైన్ నమోదు వ్యవస్థలో క్లినిక్ పేరు, మెసేజ్ నమూనా ముందుగా నమోదు కావాలి. నమోదైన నమూనాకు తేడాగా రాస్తే మెసేజ్ వెళ్లదు. ‘పంపాం కదా’ అని రిసెప్షన్‌లో అనుకుంటూనే ఉంటారు. చదవడం రానివాళ్లకూ, ఉర్దూలో మాట్లాడేవాళ్లకూ ఫోనే దారి. ‘రేపు వస్తున్నారు కదా?’ అని అడిగితే అందరూ ఊఁ అంటారు. ‘రేపు ఆరున్నరకు కుదురుతుందా అమ్మా, వేరే రోజు చూడమంటారా?’ అని అడిగితేనే అసలు మాట బయటికొస్తుంది.

రద్దు కోసం విడిగా ఒక మొబైల్ పెట్టండి. మిస్డ్ కాల్ ఇచ్చినా చాలు, మీరే తిరిగి చేస్తారని చీటీ మీద అచ్చు వేయించండి. తిరిగి చేసే బాధ్యత ఒకే మనిషిది కావాలి. అందరిదీ అంటే ఎవరిదీ కాదు. దాని పక్కనే ‘ముందుగా ఖాళీ వస్తే చెప్పండి’ అన్నవాళ్ల జాబితా ఉండాలి. అరగంటలో రాగలిగే దగ్గరివాళ్లు నలుగురైదుగురు ఉంటే చాలు.

ఎక్కువమందిని రాయడం గురించి జాగ్రత్త. ఇరవై మందిలో సగటున ముగ్గురు రారు కదా అని ఇరవై మూడు రాస్తే, 15 శాతం లెక్కన దాదాపు పది రోజుల్లో మూడు రోజులు జనం మిగిలిపోతారు. ఇద్దరిని ఎక్కువ రాస్తే వారానికి ఒక రోజు లోపే, ఒక్కరినైతే నెలకు ఒక రోజు కూడా ఇబ్బంది ఉండదు. ఒకరు లేదా ఇద్దరితో ఆపండి. ఆ అదనపు పేర్లు ఓపీ మధ్యలో పడాలి. మొదట్లోనే పెడితే ఆలస్యం చివరిదాకా ఈడ్చుకుపోతుంది. అసలు ఆరున్నర టోకెన్‌ను ఎనిమిదికి పిలిచే క్లినిక్‌లో టైమ్‌కు విలువ ఎవరిస్తారు? వచ్చిన టైమూ లోపలికి పిలిచిన టైమూ ఒక వారం రాసి చూడండి. తేడా నలభై నిమిషాలు దాటుతుంటే మెసేజ్‌ల కన్నా ముందు దాన్ని సరిచేయాలి.

అడ్వాన్స్ అందరి దగ్గరా తీసుకోకూడదు. ఎండోస్కోపీ, రూట్ కెనాల్ లాంటి ఎక్కువ టైమ్ పట్టే పనులకు యూపీఐలో కొంత కట్టించుకుని బిల్లులో తగ్గించడం న్యాయమే, ముందు రోజు సాయంత్రంలోపు చెబితే వాపసు అని రాసివ్వాలి. రివ్యూకి వచ్చే షుగర్, బీపీ పేషెంట్లకు జరిమానా వేస్తే వాళ్లు డబ్బు కట్టరు, రావడమే మానేస్తారు. వాళ్లకు రాలేని రోజున ఫోన్ కన్సల్టేషన్ ఇవ్వొచ్చు. 2020 నాటి టెలిమెడిసిన్ మార్గదర్శకాలు అందుకు వీలిచ్చాయి.

రానివాళ్లందరి వెంటా పడక్కర్లేదు. జలుబుకు బుక్ చేసుకుని మానేస్తే తగ్గిపోయిందనుకోవచ్చు. కొందరి పేర్లు మాత్రం ఆ రాత్రే విడిగా రాసుకోవాలి: బయాప్సీ రిపోర్ట్ తీసుకోవాల్సినవాళ్లు, షుగర్‌తో కాలికి పుండు ఉన్నవాళ్లు, కుట్లు విప్పాల్సినవాళ్లు, 0, 3, 7, 14, 28 రోజుల లెక్కన కుక్కకాటు సూదులు వేయించుకుంటున్నవాళ్లు. గర్భిణులకు ఎన్‌టీ స్కాన్ (కడుపులో బిడ్డ మెడ వెనక ద్రవాన్ని కొలిచేది) 11 వారాల నుంచి 13 వారాల 6 రోజుల లోపే, ఆ గడువు దాటితే మళ్లీ చేయడానికి లేదు. వీళ్లకు మర్నాటికల్లా ఫోన్ వెళ్లాలి. ‘నిన్న ఎందుకు రాలేదు?’ అని కాకుండా ‘బాగున్నారా అమ్మా, నిన్న మీకోసం చూశాం’ అని మొదలుపెట్టాలి. ఎత్తకపోతే వేర్వేరు వేళల్లో మూడుసార్లు చేసి, ఆ తర్వాత రెండో నంబర్. టీబీ 2012 నుంచి ప్రైవేట్ డాక్టర్లు కూడా ప్రభుత్వానికి తెలపాల్సిన జబ్బు, కాబట్టి మందు మధ్యలో మానినవాళ్ల గురించి ఆ ప్రాంతపు టీబీ సిబ్బందికి చెప్పాలి. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎవరితో మాట్లాడారో, వాళ్లు ఏమన్నారో కేస్ షీట్‌లో రాయండి. రాసినవాళ్లు కింద సంతకం పెట్టాలి.