వ్యాపారం మొదలుపెట్టేటప్పుడు దాపరికం లేకుండా నడవడం ఎలా?

కొత్త వ్యాపారంలో సంగతులు దాచేవాళ్లందరూ మోసగాళ్లు కారు. "ఈ ఒక్క నెల గడవనీ, అప్పుడు చెబుదాంలే" అనుకునేవాళ్లే ఎక్కువ. నెల గడుస్తుంది, పరిస్థితి సర్దుకోదు. అప్పుడు చెప్పాల్సినవి రెండవుతాయి: వచ్చిన నష్టం ఒకటి, ఇన్నాళ్లూ చెప్పలేదన్నది ఇంకొకటి. ఎదుటివాళ్లకు మనసు విరిగేది రెండోదానితోనే. అందుకే ఎప్పుడు చెప్పాలన్నది ఆ రోజు మూడ్‌కి వదలకుండా, ముందే ఒక పద్ధతి పెట్టుకోవాలి.

1. ముందు భాగస్వాములు కూర్చోండి

పైసా ఖర్చు కాకముందే ఒక సాయంత్రం దీనికోసం పెట్టుకోండి. ఎవరి కాగితం మీద వాళ్లు నాలుగు విషయాలు రాయాలి: నేను ఎంత పెడుతున్నాను? అది సొంత డబ్బా, అప్పా? జీతం లేకుండా ఎన్ని నెలలు ఇల్లు నడపగలను? ఏం జరిగితే తప్పుకుంటాను? రాయడం అయ్యాక కాగితాలు మార్చుకోండి.

నేనూ ఒక స్నేహితుడూ ఒకప్పుడు ఇదేమీ లేకుండా దిగిపోయాం. అతను పెట్టిన వాటా వడ్డీకి తెచ్చిందని నాకు ఏడో నెలలో తెలిసింది. లాభం మళ్లీ వ్యాపారంలోనే పెడదామని నేను అన్నప్పుడల్లా అతని మొహం ఎందుకు మాడిపోయేదో అప్పుడు అర్థమైంది. అప్పటిదాకా అతన్ని డబ్బు మనిషి అనుకున్నాను.

వాటాలను కూడా నోటిమాటగా వదలొద్దు. స్టార్టప్‌లలో వెస్టింగ్ అనే పద్ధతి వాడుకలో ఉంది. సాధారణంగా వాటా 4 ఏళ్లలో కొంచెం కొంచెంగా సొంతమవుతుంది. ఏడాది నిండకముందే వెళ్లిపోతే ఏమీ రాదు, నిండితే నాలుగో వంతు వస్తుంది. ఆరు నెలలకే తప్పుకున్న మనిషి సగం వాటా అడిగే పేచీ ఉండదు.

2. నెలకో పేజీ లెక్క

వ్యాపారానికి విడిగా బ్యాంకు ఖాతా తెరవండి. సొంత కార్డుతో ఏదైనా కొంటే ఆ రోజే రాసేయండి. నెలకోసారి ఒకే తేదీన ఒక పేజీ పంపండి: వచ్చింది, పోయింది, మనం ఇవ్వాల్సింది, మనకు రావాల్సింది. చివర్లో ఇంకెన్ని నెలలు నడపగలమో రాయండి. చేతిలో 12 లక్షలుండి నెలకు 2 లక్షలు కరుగుతుంటే ఆరు నెలలన్నమాట. బాగా నడవని నెలలో కూడా ఆ తేదీ దాటకూడదు. పేజీ ఆలస్యమైందంటేనే చదివేవాళ్లకు సగం అర్థమైపోతుంది.

3. పెట్టుబడి అడిగేటప్పుడు

ఉన్నదాన్నీ రాబోయేదాన్నీ కలిపి చెప్పొద్దు. "50 మంది కస్టమర్లున్నారు" అనకుండా "12 మంది డబ్బు కడుతున్నారు, 38 మంది ఉచితంగా వాడుతున్నారు" అనండి. అంకె చిన్నదవుతుంది, నిజమే. కానీ లేనిది ఉన్నట్టు చెబితే ఏమవుతుందో చూడండి. అమెరికాలో 2003లో మొదలైన థెరానోస్ అనే కంపెనీ కొన్ని రక్తపు చుక్కలతోనే ఎన్నో పరీక్షలు చేస్తామని చెప్పింది. నిజానికి చాలా పరీక్షలు వేరే కంపెనీల యంత్రాల మీదే నడిచాయి. 2018లో కంపెనీ మూతపడింది. 2022 జనవరిలో దాన్ని స్థాపించిన ఎలిజబెత్ హోమ్స్ పెట్టుబడిదారులను మోసగించిన కేసులో దోషిగా తేలింది.

4. ఉద్యోగంలో చేరేవాళ్లకు

డబ్బు ఎన్ని నెలలకు సరిపోతుందో చేరకముందే చెప్పండి. బఫర్ అనే కంపెనీ 2013లో అందరి జీతాలనూ బయటపెట్టింది. అంత దూరం వెళ్లక్కర్లేదని నా అభిప్రాయం. జీతం ఏ లెక్కన నిర్ణయిస్తున్నారో చెబితే చాలు.

5. తప్పు జరిగినప్పుడు

2017 జనవరి 31న, సాఫ్ట్‌వేర్ కోడ్ దాచుకునే సేవ ఇచ్చే గిట్‌ల్యాబ్ అనే కంపెనీలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేశాడు. బ్యాకప్‌లు చూస్తే చాలావరకు పనికిరాలేదు. సుమారు 6 గంటల డేటా పోయింది. కంపెనీ దాన్ని కప్పిపుచ్చలేదు. ఏం చేస్తున్నారో అందరూ చూసేలా పత్రంలో రాస్తూ, మరమ్మతు పనిని యూట్యూబ్‌లో లైవ్ పెట్టింది.

మీ తప్పు ఇంకా చిన్నదే అయ్యుంటుంది. సరుకు ఆలస్యమైతే ఇలా రాయండి: "మీకు శుక్రవారం పంపుతామన్నాం, పంపలేకపోతున్నాం. ముడిసరుకు తక్కువ ఆర్డర్ పెట్టాం, పొరపాటు మాదే. వచ్చే బుధవారం పంపుతాం. అప్పటిదాకా ఆగలేకపోతే డబ్బు మొత్తం వెనక్కి ఇస్తాం." "అనివార్య కారణాల వల్ల" అని మాత్రం రాయకండి, ఆ మాట వినగానే ఎవరికైనా అనుమానం వస్తుంది. శుక్రవారం సాయంత్రం కాదు, విషయం తెలిసిన మంగళవారమే పంపండి.

6. చెప్పకూడనివి

కస్టమర్ల వ్యక్తిగత వివరాలు, ఉద్యోగుల ఆరోగ్య సంగతులు మీవి కావు కాబట్టి బయటపెట్టే హక్కు మీకు లేదు. కొత్తగా కనిపెట్టినది ఏదైనా ఉంటే పేటెంట్‌కు దరఖాస్తు చేశాకే మాట్లాడండి. ముందే బయటపెడితే చాలా దేశాల్లో ఆ హక్కే పోవచ్చు. సరుకు ఇచ్చేవాళ్లు రేటు గుట్టుగా ఉంచమంటే ఉంచాల్సిందే. ఎవరైనా అడిగితే లేనిపోని రేటు కల్పించకుండా, "చెప్పనని మాటిచ్చానండీ" అంటే సరిపోతుంది.