సరస్సు ఒడ్డున బ్లూబర్డ్ పెట్టెలను జంటగా పెట్టండి

అమెరికా తూర్పు రాష్ట్రాల్లో సరస్సు ఒడ్డున కేబిన్లు నడిపేవారు, అక్కడ సొంత ఇల్లున్నవారు ఈస్టర్న్ బ్లూబర్డ్ అనే చిన్న నీలి పిట్ట కోసం గూడుపెట్టె అమర్చేటప్పుడు ఒక్కటే పెట్టకుండా, 15 నుంచి 20 అడుగుల ఎడంలో రెండు పెట్టెలు నిలబెట్టడం మంచిది. నీటిపై ఎగిరే పురుగులను పట్టి తినే ట్రీ స్వాలో పిట్టలకూ అలాంటి పెట్టెలే కావాలి. ఒక స్వాలో జంట ఒక పెట్టెలో చేరితే, పక్క పెట్టెలోకి మరో స్వాలో జంటను సాధారణంగా రానివ్వదు గానీ బ్లూబర్డ్‌ను సహిస్తుంది. రెండూ అక్కడి స్థానిక పక్షులే, రెండింటికీ 1918 నాటి వలస పక్షుల చట్టం రక్షణ ఉంది కనుక ఒకదాని గూడు తీసి మరొకదానికి చోటివ్వడం కుదరదు.

ద్వారం వ్యాసం ఒకటిన్నర అంగుళాలు మించకపోతే పెట్టెలను ఆక్రమించే స్టార్లింగ్ అనే పక్షి దూరలేదు. పెట్టెను చెట్టుకు కట్టకుండా, గడ్డి పొట్టిగా ఉన్న ఆరుబయట నున్నని ఇనుప గొట్టానికి సుమారు 5 అడుగుల ఎత్తున బిగించి, కింద రేకు అడ్డు తొడిగితే గుడ్లు, పిల్లలను తినే రకూన్లు (చెట్లెక్కే అడవి జంతువులు), పాములు చాలావరకు ఎక్కలేవు.

మన ఊళ్లలో కనుమరుగవుతోందని మనం బాధపడే పిచ్చుక అక్కడికి బయటి నుంచి తెచ్చి వదిలిన పక్షి. అది బ్లూబర్డ్ గుడ్లను పొడిచి, పిల్లలను, ఒక్కోసారి తల్లిని కూడా చంపుతుంది. అందువల్ల వరండాల దగ్గర పిచ్చుకలను రప్పించే రొట్టె ముక్కలు, చవక గింజలు చల్లవద్దని అతిథులకు ముందే చెప్పాలి.

వారానికోసారి పెట్టె తెరిచి చూడవచ్చు. పిల్లలకు 12 రోజులు నిండాక మాత్రం తెరవకూడదు, ఎందుకంటే అవి సరిగా ఎగరలేని స్థితిలోనే బెదిరి బయటికి దూకేస్తాయి.