ల్యాప్‌టాప్‌లో విండోస్, బయటి డిస్క్‌లో లైనక్స్: ఒకదాని జోలికి ఒకటి పోకుండా డ్యూయల్ బూట్ ఎలా చేయాలి?

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్ 11 వేసుకుందామంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ లేదనో, ప్రాసెసర్ పాతదనో చాలా ల్యాప్‌టాప్‌లు ఒప్పుకోవు. అలాగని ఉన్న విండోస్‌ను తీసేయలేం. ట్యాలీ అందులోనే ఉంటుంది, ప్రింటర్ డ్రైవర్ అందులోనే, డిజిటల్ సిగ్నేచర్ డాంగిల్‌ను గుర్తుపట్టేదీ అదే. ఇలాంటప్పుడు లోపలి డిస్క్‌ను అలాగే ఉంచి, యూఎస్‌బీకి తగిలించే బయటి డిస్క్‌లో లైనక్స్ (విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) వేసుకోవచ్చు. డిస్క్ తగిలిస్తే లైనక్స్, తీసేస్తే విండోస్. ఇలా ఒకే ల్యాప్‌టాప్‌లో రెండు సిస్టమ్‌లు పెట్టుకోవడమే డ్యూయల్ బూట్.

చెప్పుకోవడానికి ఇంతే. కానీ ఇందులో ఒక గుంట ఉంది. మొదటిసారి చేసినప్పుడు నేనూ అందులోనే పడ్డాను. రాత్రి అంతా సవ్యంగా అయిందనుకుని పడుకున్నా. మర్నాడు ఆ డిస్క్‌ను బ్యాగులో వేసుకుని ఆఫీసుకెళ్లా. పదింటికి ఇంటి నుంచి ఫోన్: “కరెంటు బిల్లు కడదామని ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే నల్ల స్క్రీన్ మీద గ్రబ్ అని వచ్చి కూర్చుంది. రాత్రంతా దానితో ఏం చేశారు?” విండోస్ ఎక్కడికీ పోలేదు. కాకపోతే దాన్ని నిద్రలేపాల్సిన చోట లైనక్స్ తాలూకు ప్రోగ్రామ్ వచ్చి కూర్చుంది. అది తన మిగతా సామాను కోసం నా బ్యాగులో ఉన్న డిస్క్‌ను వెతుక్కుంటోంది.

అసలు ఏం జరుగుతుందంటే, పవర్ బటన్ నొక్కగానే యూఈఎఫ్‌ఐ అనే ఫర్మ్‌వేర్ (చాలామంది ఇప్పటికీ బయోస్ అనే అంటారు) డిస్క్‌లో ఈఎఫ్‌ఐ పార్టిషన్ అనే చిన్న భాగం కోసం చూస్తుంది. ఫ్యాట్32 ఫార్మాట్‌లో, సాధారణంగా 100 లేదా 260 ఎంబీ ఉంటుంది. విండోస్‌ను లేపే బూట్‌లోడర్ ఉండేది అక్కడే. లైనక్స్ బూట్‌లోడర్ పేరు గ్రబ్. ఉబుంటు, మింట్ అనే లైనక్స్ రకాల కుటుంబం ఏళ్ల తరబడి వాడుతున్న ఇన్‌స్టాలర్‌కు ఒక చెడ్డ అలవాటుంది. బూట్‌లోడర్‌ను బయటి డిస్క్‌లో పెట్టమని మనం ఎంచుకున్నా, ముందుగా కనిపించిన ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లో, అంటే లోపలి డిస్క్‌లో, పెట్టేస్తుంది. ఆ అలవాటును ఎలా ఆపాలన్నదే ఈ వ్యాసంలో ముఖ్యమైన సంగతి. మిగతాదంతా నెక్స్ట్, నెక్స్ట్ నొక్కుకుంటూ పోయే పని.

ఇక్కడ లైనక్స్ మింట్ 22నే తీసుకుంటున్నాను. విండోస్ అలవాటైనవాళ్లకు స్టార్ట్ మెనూ, టాస్క్‌బార్ ఉన్నచోటే ఉంటాయి, 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి. తిరగేసి, అంటే విండోస్‌ను బయటి డిస్క్‌లో పెట్టాలనుకుంటే, దాని సెటప్ యూఎస్‌బీ డిస్క్‌లో ఇన్‌స్టాల్ చేయనని మొహాన చెప్పేస్తుంది. విండోస్ టు గో అని ఒక దారి ఉండేది, 2020లో దాన్నీ తీసేశారు. కాబట్టి బయటికెళ్లాల్సింది లైనక్సే.

ఏ డిస్క్ కొనాలి?

ఇంట్లో ఖాళీగా ఉన్న హార్డ్ డిస్క్‌తోనూ పని జరుగుతుంది. కానీ నిమిషానికి 5400 సార్లు తిరిగే ఆ ప్లేట్ల మీద సిస్టమ్ నడపడం ఓపికకు పరీక్ష. ఆపరేటింగ్ సిస్టమ్ వేల కొద్దీ చిన్న చిన్న ఫైళ్లను అటూ ఇటూ వెతుకుతుంది, హార్డ్ డిస్క్‌కు చేతకానిది సరిగ్గా అదే. సినిమాలు దాచుకోవడానికి దాన్ని ఉంచుకుని, లైనక్స్‌కు ఎస్‌ఎస్‌డీ వాడండి. కొత్త పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీయే కావాలనేం లేదు. పాత ల్యాప్‌టాప్‌లోంచి తీసిన రెండున్నర అంగుళాల శాటా ఎస్‌ఎస్‌డీ ఉంటే, దానికి యూఎస్‌బీ 3.0 కేసింగ్ ఒకటి కొంటే చాలు. నా దగ్గరున్నది అదే.

సైజు విషయానికొస్తే 20 జీబీ ఉంటే మింట్ పడుతుంది, 100 జీబీ ఉంటే హాయి. తగిలించేది యూఎస్‌బీ 3 పోర్టుకే. యూఎస్‌బీ 2 వేగం 480 మెగాబిట్లు, యూఎస్‌బీ 3.0 వేగం 5 గిగాబిట్లు, అంటే పది రెట్లకు పైనే. చాలా ల్యాప్‌టాప్‌లలో ఆ పోర్టు లోపల నీలం రంగు ఉంటుంది. మధ్యలో హబ్ పెట్టకండి. ఇన్‌స్టాలర్ కోసం ఇంకో 8 జీబీ పెన్‌డ్రైవ్ కూడా కావాలి.

ముందు విండోస్‌లో చేయాల్సినవి

ముఖ్యమైన ఫైళ్లు ఇంకోచోట కాపీ చేసుకోండి. మీ డిస్క్‌నే మీరు పొరపాటున చెరిపేసుకునే అవకాశం ఉన్న పని ఇది. ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో ఉన్నదైతే మొత్తం పోతుంది, అందులో అనుమానమే లేదు.

తర్వాత బిట్‌లాకర్, అంటే డిస్క్‌లో ఉన్నదానికి తాళం వేసే విండోస్ ఏర్పాటు. హోమ్ ఎడిషన్‌లో దీన్నే డివైస్ ఎన్‌క్రిప్షన్ అంటారు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన చాలా ల్యాప్‌టాప్‌లలో మనకు తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. బూట్ సెట్టింగ్స్ మారితే విండోస్‌కు అనుమానం వచ్చి 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. మైక్రోసాఫ్ట్ అకౌంట్ పేజీలోకి వెళ్లి ఆ కీని ముందే కాగితం మీద రాసిపెట్టుకోండి. అదే ల్యాప్‌టాప్‌లో నోట్‌ప్యాడ్‌లో దాచుకుంటే ప్రయోజనం లేదని వేరే చెప్పక్కర్లేదు.

ఇక ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. ఇది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ అన్నా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. అప్పుడు లైనక్స్ నుంచి విండోస్ ఫైళ్లు తెరిస్తే చదవనిస్తుంది గానీ రాయనివ్వదు. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అందులో పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే పేజీ, అక్కడ ఆ టిక్కు తీసేయాలి. సెక్యూర్ బూట్‌ను (నమ్మకమైన బూట్‌లోడర్‌నే లేవనిచ్చే బయోస్ సెట్టింగ్) మాత్రం ముట్టుకోకండి. మింట్ దానితో బాగానే పనిచేస్తుంది.

పెన్‌డ్రైవ్ తయారీ

మింట్ అధికారిక సైటు నుంచి సినమన్ ఎడిషన్ ఐఎస్‌ఓ ఫైల్ (ఇన్‌స్టాలర్ మొత్తం ఒకే ఫైల్‌గా) దించుకోండి, మూడు జీబీకి అటూ ఇటూగా ఉంటుంది. ఆ ఫైల్‌తో పెన్‌డ్రైవ్‌ను బూట్ అయ్యేలా తయారుచేసే రూఫస్ ప్రోగ్రామ్ తెరిచి, పెన్‌డ్రైవ్‌నూ ఆ ఫైల్‌నూ ఎంచుకుని, పార్టిషన్ స్కీమ్ జీపీటీ అని పెట్టి స్టార్ట్ నొక్కండి. ఏ పద్ధతిలో రాయాలని అడిగితే ఐఎస్‌ఓ మోడ్ చాలు. ఈ పని చేసేటప్పుడు ఎక్స్‌టర్నల్ డిస్క్ తగిలించి ఉంచకండి, రూఫస్ పొరపాటున దాన్ని ఎంచుకునే గొడవ ఉండదు.

పెన్‌డ్రైవ్ నుంచి లేపడం

ఇప్పుడు ల్యాప్‌టాప్ ఆపి, పెన్‌డ్రైవ్, ఎక్స్‌టర్నల్ డిస్క్ రెండూ తగిలించి, ఆన్ చేస్తూనే బూట్ మెనూ కీని టపటపా నొక్కాలి. డెల్, లెనోవోలకు ఎఫ్12. హెచ్‌పీకి ఎఫ్9. ఆసుస్ ల్యాప్‌టాప్‌లకు ఎస్కేప్. ఏసర్‌కూ ఎఫ్12యే గానీ, చాలా మోడళ్లలో ముందు ఎఫ్2 నొక్కి బయోస్‌లోకి వెళ్లి ఎఫ్12 బూట్ మెనూను ఎనేబుల్ చేస్తేనే అది పలుకుతుంది. మెనూలో పెన్‌డ్రైవ్ పేరు ఎంచుకుంటే కాసేపటికి మింట్ డెస్క్‌టాప్ వస్తుంది.

ఇది ఇంకా ఇన్‌స్టాల్ కాలేదు, పెన్‌డ్రైవ్ నుంచి నడుస్తోంది. వైఫై వస్తోందా, సౌండ్ వినిపిస్తోందా, టచ్‌ప్యాడ్ కదులుతోందా చూసుకోండి. వైఫై రాకపోతే ఫోన్‌ను యూఎస్‌బీతో కలిపి టెథరింగ్ ఆన్ చేస్తే ఇప్పటికి గడుస్తుంది.

గుంట దాటే చోటు

ఇన్‌స్టాల్ ఐకాన్ డెస్క్‌టాప్ మీదే ఊరిస్తూ కనిపిస్తుంది. దాని మీద నొక్కకండి.

ముందు మెనూలో జీపార్టెడ్ (డిస్క్ పార్టిషన్లను చూసి మార్చే ప్రోగ్రామ్) అని వెతికి తెరవండి. కుడివైపు పైన డిస్కుల జాబితా ఉంటుంది. లోపలి డిస్క్ ఎన్‌వీఎంఈ రకమైతే (మదర్‌బోర్డుకు నేరుగా తగిలే చిన్న ఎస్‌ఎస్‌డీ) దాని పేరులోనే ఎన్‌వీఎంఈ అని ఉంటుంది. యూఎస్‌బీవి ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని కనిపిస్తాయి. లోపలి డిస్క్ కూడా శాటాదే అయితే అదీ ఎస్‌డీఏ అనే ఉండొచ్చు. అందుకే పేర్లను నమ్మకండి, సైజు చూడండి. 500 జీబీ డిస్క్ జీపార్టెడ్‌లో 465గా కనిపిస్తుంది, ఇన్‌స్టాలర్‌లో మాత్రం 500గానే ఉంటుంది. డిస్క్ పాడైందనుకుని కంగారు పడకండి, లెక్కపెట్టే పద్ధతిలో తేడా అంతే.

లోపలి డిస్క్‌ను ఎంచుకోండి. అందులో ఫ్యాట్32గా ఉన్న చిన్న పార్టిషన్‌కు ఎదురుగా బూట్, ఈఎస్‌పీ అనే గుర్తులుంటాయి. దాని మీద రైట్ క్లిక్ చేసి మేనేజ్ ఫ్లాగ్స్ తెరిచి, ఆ రెండు టిక్కులూ తీసేయండి. ఒకటి తీస్తే రెండోది దానంతటదే పోతుంది. లోపలి ఫైళ్లకు ఏమీ కాదు, బోర్డు తిప్పేసినట్టన్నమాట. ఇప్పుడు ఇన్‌స్టాలర్‌కు లోపలి డిస్క్‌లో ఈఎఫ్‌ఐ పార్టిషన్ ఉన్నట్టే తెలియదు. ఫ్లాగ్ తీసేముందు ఆ స్క్రీన్‌ను ఫోన్‌లో ఫొటో తీసుకోండి, తర్వాత ఏది ఎలా ఉండేదో వెతుక్కోనక్కర్లేదు.

కొన్ని ల్యాప్‌టాప్‌లలో బయోస్ నుంచే లోపలి డిస్క్‌ను తాత్కాలికంగా ఆపేయొచ్చు. డెస్క్‌టాప్ అయితే కేబుల్ పీకేయొచ్చు. ఆ వీలుంటే ఫ్లాగుల గొడవే అక్కర్లేదు, అంతకన్నా క్షేమం ఇంకొకటి లేదు.

ఇన్‌స్టాల్

ఇప్పుడు ఐకాన్ మీద నొక్కండి. భాష, కీబోర్డు అయ్యాక మల్టీమీడియా కోడెక్‌లు (పాటలు, వీడియోలు ఆడటానికి కావాల్సినవి) కావాలా అని అడుగుతుంది, టిక్ పెట్టండి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే అక్కడే ఒక పాస్‌వర్డ్ పెట్టమనొచ్చు. దాన్ని గుర్తుంచుకోండి, ఇంకాసేపట్లో పని పడుతుంది.

ఇన్‌స్టలేషన్ టైప్ దగ్గర ఆగండి. డిస్క్ మొత్తం లైనక్స్‌కే అయితే ‘ఎరేజ్ డిస్క్’ ఎంచుకుని, తర్వాతి పేజీలో ఎక్స్‌టర్నల్ డిస్క్‌ను చూపించవచ్చు. సైజు మూడుసార్లు చూసుకున్నాకే ముందుకు నొక్కండి. కొంత స్థలం విండోస్‌తో పంచుకోవాలనుకుంటే ‘సమ్‌థింగ్ ఎల్స్’ ఎంచుకోండి. నాకు ఇదే ఇష్టం, ఎందుకంటే ఏ డిస్క్‌లో ఏం జరగబోతోందో కళ్లెదుట కనిపిస్తుంది. అందులో ఎక్స్‌టర్నల్ డిస్క్ మీద కొత్త పార్టిషన్ టేబుల్ వేసి, 512 ఎంబీ ఈఎఫ్‌ఐ సిస్టమ్ పార్టిషన్ ఒకటి, ఆ తర్వాత 100 జీబీ దాకా లైనక్స్ వాడే ఈఎక్స్‌టీ4 ఫార్మాట్‌లో పార్టిషన్ ఒకటి చేసి దాని మౌంట్ పాయింట్‌గా ఒక ఏటవాలు గీత (/) పెట్టండి. మిగిలిన ఖాళీని అలాగే వదిలేయండి, తర్వాత జీపార్టెడ్‌లో విండోస్ ఫార్మాట్ అయిన ఎన్‌టీఎఫ్‌ఎస్ చేసుకుంటే విండోస్‌కూ లైనక్స్‌కూ ఉమ్మడి గది అవుతుంది. స్వాప్ పార్టిషన్ అక్కర్లేదు. కింద బూట్‌లోడర్ ఎక్కడ పెట్టాలనే పెట్టెలోనూ ఎక్స్‌టర్నల్ డిస్క్‌నే ఎంచుకోండి.

టైమ్ జోన్, యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇచ్చేస్తే, ఎస్‌ఎస్‌డీ అయితే టీ తాగి వచ్చేలోపు అయిపోతుంది.

అయ్యాక రీస్టార్ట్ చేయమంటుంది. వద్దు, ‘కంటిన్యూ టెస్టింగ్’ నొక్కండి. మళ్లీ జీపార్టెడ్ తెరిచి లోపలి డిస్క్‌లో ఇందాక తీసిన ఫ్లాగులు తిరిగి పెట్టండి. ఇది మర్చిపోతే విండోస్ లేవకపోవచ్చు. మర్చిపోయినా కొంప మునగదు, అదే పెన్‌డ్రైవ్‌తో మళ్లీ వచ్చి టిక్ పెడితే సరి. కానీ ఆ మధ్యలో పడే టెన్షన్ ఎందుకు?

మొదటిసారి ఆన్ చేయడం

పెన్‌డ్రైవ్ తీసేసి రీస్టార్ట్ చేస్తే, ఇందాక పాస్‌వర్డ్ పెట్టినవాళ్లకు నీలం స్క్రీన్ రావొచ్చు. అది విండోస్ క్రాష్ నీలం కాదు. ‘ఎన్‌రోల్ మాక్’ ఎంచుకుని, కంటిన్యూ, యెస్ అని, ఆ పాస్‌వర్డ్ కొట్టండి.

ఇక ముందు లైనక్స్ కావాల్సినప్పుడల్లా డిస్క్ తగిలించి బూట్ మెనూ కీ నొక్కడమే. అక్కడ మింట్ కోసం వెతికితే దొరకదు, ఉబుంటు అనే పేరుతో ఉంటుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లు డిస్క్ తీసేసిన తర్వాత ఆ పేరును మర్చిపోతాయి. అప్పుడు డిస్క్ కంపెనీ పేరుతో యూఎస్‌బీ అని కనిపించేదాన్ని ఎంచుకోండి. బయోస్‌లో బూట్ వరుసలో విండోస్ బూట్ మేనేజర్‌నే మొదట ఉంచండి. గ్రబ్ మెనూలో విండోస్ కనిపించకపోయినా పట్టించుకోకండి, డిస్క్ పీకేస్తే చాలు.

అసలు పరీక్ష ఇప్పుడే. ల్యాప్‌టాప్ ఆపి, ఎక్స్‌టర్నల్ డిస్క్ తీసేసి ఆన్ చేయండి. ఏ కీ నొక్కకుండా నేరుగా విండోస్ వస్తే మీ ఇంటి నుంచి మీకు ఫోన్ రాదు. నల్ల స్క్రీన్, గ్రబ్ వస్తే బూట్‌లోడర్ లోపలి డిస్క్‌లో పడిందని అర్థం. వెంటనే బూట్ మెనూలో విండోస్ బూట్ మేనేజర్ ఎంచుకుంటే విండోస్ తెరుచుకుంటుంది, బయోస్‌లో దాన్ని మొదటి స్థానానికి జరిపేస్తే అప్పటికి గండం గడుస్తుంది. నాకు ఆ రోజు ఈ సంగతి ఫోన్లో చెప్పి చేయించడానికి అరగంట పట్టింది.

వాడకంలో రెండు మూడు మాటలు. లైనక్స్ నడుస్తుండగా కేబుల్ కదిలితే సిస్టమ్ కిందినుంచి నేల లాగేసినట్టే, వదులు కేబుల్ ఉంటే మార్చేయండి. విండోస్‌లో ఉన్నప్పుడు ఈ డిస్క్ తగిలిస్తే ఫార్మాట్ చేయమంటావా అని అడగొచ్చు, క్యాన్సిల్ నొక్కండి. పిల్లలున్న ఇంట్లో ఈ మాట అందరికీ చెప్పిపెట్టండి. లైనక్స్ నుంచి విండోస్‌కు వచ్చాక గడియారం ఐదున్నర గంటలు వెనక్కి చూపించొచ్చు. లైనక్స్ మదర్‌బోర్డు గడియారాన్ని గ్రీన్‌విచ్ టైమ్‌లో పెడుతుంది, విండోస్ దాన్నే మన టైమ్ అనుకుంటుంది. విండోస్ టైమ్ సెట్టింగ్స్‌లో ‘సింక్ నౌ’ నొక్కితే సరిపోతుంది. తెలుగు టైప్ చేయాలంటే ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రామ్‌తో పాటు దాని ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకోండి. ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్‌లతో పాటు పోతన లేఅవుట్ కూడా అందులో ఉంది.