చెక్ ఇంజిన్ లైటుకు పెట్రోలు ఆవిరి లీకు కారణమైనప్పుడు

కారు నడకలో ఏ తేడా లేకుండానే చెక్ ఇంజిన్ లైటు వెలిగితే, ట్యాంకులోని పెట్రోలు ఆవిరిని క్యానిస్టర్ అనే డబ్బాలోని బొగ్గులో పట్టి ఉంచి, తర్వాత ఇంజిన్‌కు పంపే ఈవాప్ వ్యవస్థను ముందుగా అనుమానించవచ్చు. అమెరికాలో అమ్మే కార్లలో, కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లను చదివే స్కానర్ పి0455 చూపితే పెద్ద లీకు, పి0442 చూపితే చిన్న లీకు, పి0456 చూపితే అర మిల్లీమీటరు రంధ్రమంత అతి చిన్న లీకు ఉన్నట్టు. లీకు ఎక్కడుందో కోడ్ చెప్పదు కనుక, దాన్ని మాత్రమే చూసి పార్టులు కొనడం డబ్బు దండగ.

మొదట ట్యాంకు మూత విప్పి, దాని రబ్బరు రింగును వేలితో చుట్టూ తడమాలి. పగులు తగిలినా, రబ్బరు గట్టిపడినా మూత మార్చాలి. మిషిగన్, ఒహాయో వంటి రాష్ట్రాల్లో చలికాలంలో రోడ్లపై ఉప్పు చల్లుతారు కాబట్టి, పెట్రోలు పోసే గొట్టం అంచు తుప్పుపట్టి, కొత్త మూత పెట్టినా లీకు ఆగకపోవచ్చు.

పెట్రోలు పోయించిన వెంటనే ఇంజిన్ స్టార్ట్ కాకుండా మొరాయిస్తే, క్యానిస్టర్‌లోని ఆవిరిని ఇంజిన్‌కు వదిలే పర్జ్ వాల్వు తెరుచుకునే ఉండిపోయిందేమో చూడాలి. చల్లగా ఉన్న ఇంజిన్‌ను స్టార్ట్ చేసి, క్యానిస్టర్ నుంచి వచ్చే గొట్టాన్ని ఊడదీసి, వాల్వు మొనకు వేలు అడ్డుపెట్టినప్పుడు గాలి లాగినట్టు అనిపిస్తే ఆ వాల్వు మార్చవలసిందే.

బంకులో నాజిల్ మాటిమాటికీ ఆగిపోవడం లీకు లక్షణం కాదు. క్యానిస్టర్‌కు బయటి గాలి వచ్చిపోయే వెంట్ దారికి దుమ్మో సాలెగూడో అడ్డుపడిందని, లేదా ట్యాంకు నిండాక కూడా పోయించడం వల్ల క్యానిస్టర్ పెట్రోలుతో తడిసిందని అర్థం.

ఇవన్నీ సరిగా ఉంటే స్మోక్ టెస్ట్, అంటే ఈవాప్ వ్యవస్థలోకి పొగ పంపి అది ఎక్కడినుంచి బయటికి వస్తుందో చూసే పరీక్ష, చేయించాలి. కరెంటు లేనప్పుడు వెంట్ దారిని మూసే వెంట్ వాల్వు సహజంగానే తెరుచుకుని ఉంటుంది కాబట్టి, స్కానర్‌తో దాన్ని మూయించకుండా పొగ పంపితే అక్కడినుంచే బయటికి వస్తుంది, దాంతో బాగున్న వాల్వును పాడైందని మార్చేస్తారు. పొగ పంపే పీడనం ఒక పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఒక పౌండు) దాటకూడదు. టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్‌ను ఎట్టి పరిస్థితిలోనూ వాడకూడదు, ఎందుకంటే పెట్రోలు ఆవిరిలో గాలి కలిస్తే మంటలు రేగే ప్రమాదం ఉంది.

రిపేరు తర్వాత కోడ్ చెరిపితే సరిపోదు. చాలా కార్లు ట్యాంకులో పెట్రోలు 15 నుంచి 85 శాతం మధ్య ఉండి, రాత్రంతా ఆగి ఇంజిన్ పూర్తిగా చల్లబడితేనే ఈవాప్ లీకు కోసం తాము చేసుకునే పరీక్షను మళ్లీ నడుపుతాయి. అది పూర్తయ్యాకే లీకు పోయిందో లేదో తేలుతుంది.