రోజూ స్మూతీ తాగే ఇంటికి బ్లెండర్ ఎలా ఎంచుకోవాలి

బ్లెండర్ కొనాలనుకోగానే అందరం ముందు చూసేది వాట్లు. 750 కంటే 1000 మేలు, 1000 కంటే 2000 ఇంకా మేలు అనుకుంటాం, అమ్మేవాళ్లూ అదే లెక్క చెప్తారు. కానీ అది ఏళ్ల తరబడి రోజూ పనికొస్తుందా, మూడు నెలల్లో అటకెక్కుతుందా అన్నది వాట్ల కన్నా ఎక్కువగా జార్ మీద, తయారీ మీద, మీ ఊళ్లో దొరికే సర్వీసు మీద ఆధారపడి ఉంటుంది. అందుకని షాపుకి వెళ్లే ముందు ఇంట్లోనే రెండు విషయాలు తేల్చుకోండి: రోజూ జార్‌లో ఏం పడుతుంది, ఒక్కసారికి ఎన్ని గ్లాసులు కావాలి.

అరటిపండు, సపోటా, బొప్పాయి, మామిడి, వాటితో పాలో పెరుగో, మహా అయితే నానబెట్టిన నాలుగు బాదం పప్పులు. మీ స్మూతీ ఇదే అయితే కొత్త బ్లెండర్ కొనకండి. ఇంట్లో ఉన్న 750 వాట్ల మిక్సీ చాలు. చాలామంది పచ్చడి జార్‌లో వేసి తిప్పి, సరిగ్గా రాలేదని మిక్సీని తప్పుపడతారు. మిక్సీతో పాటు వచ్చే పొడవాటి లిక్విడైజింగ్ జార్ ఉంటుంది చూడండి, లోపల గోడకి నిలువు గట్లు ఉండేది, ఇలాంటి పనికి తయారు చేసింది అదే. అది అట్టపెట్టెలోనే ఉండిపోయి ఉంటే ముందు దాన్ని బయటికి తీసి ఓ వారం వాడి చూడండి.

పచ్చి పాలకూర, మునగాకు, ఫ్రీజర్‌లో గడ్డకట్టిన పండు ముక్కలు, ఐసు, పచ్చి క్యారెట్, బీట్‌రూట్, ఖర్జూరం, ఇవి రోజూ పడేవాళ్ల సంగతి వేరు. మిక్సీలో ఆకు నలుగుతుంది గానీ సన్నని పీచు మిగిలిపోయి పళ్లకి తగులుతుంది, పిల్లలైతే మొదటి గుటకకే గ్లాసు పక్కన పెట్టేస్తారు. వడకడదామా అంటే పీచంతా పిప్పిలోనే పోయి చేతికి మిగిలేది జ్యూసే. నిజంగా హై పవర్ బ్లెండర్ కావాల్సింది ఇక్కడే. అది కూడా చేయలేనివి కొన్ని ఉన్నాయి, అవీ ముందే తెలుసుకోండి. జామ గింజలు ఎంత మంచి బ్లెండర్‌లో వేసినా ఇసుకలా నోటికి తగులుతూనే ఉంటాయి, గింజల భాగం తీసేసి కండ మాత్రం వేసుకోవడం నయం. అవిసె గింజలైతే మిక్సీ చిన్న జార్‌లో పొడి కొట్టి డబ్బాలో పెట్టుకుని, రోజూ ఓ చెంచా కలుపుకుంటే సరిపోతుంది.

ఇప్పుడు వాట్ల సంగతి. అట్ట మీద పెద్ద అక్షరాల్లో 2000 వాట్లు, 3 హెచ్‌పీ అని రాసి ఉంటుంది. ఒక హార్స్ పవర్ అంటే 746 వాట్లు, ఆ లెక్కన 3 హెచ్‌పీ అంటే 2200 వాట్లు దాటాలి. చాలా మిషన్లకి ఆ అంకె మోటార్ ఒక్క క్షణం అందుకోగలిగే గరిష్ఠం మాత్రమే, నిలకడగా పనిచేసే శక్తి అంతకన్నా బాగా తక్కువ. అసలు అంకె మిషన్ అడుగున అంటించిన చిన్న లేబుల్ మీద ఉంటుంది, కాబట్టి షాపులో తిప్పి చూడండి, మొహమాటపడకండి. ఇంకో గుర్తు కూడా ఉంది. మన ఇళ్లలో చిన్న ప్లగ్ పాయింట్ 6 యాంప్స్‌ది, గీజర్‌కీ ఏసీకీ పెట్టే పెద్దది 16 యాంప్స్‌ది. 230 వోల్టుల దగ్గర 6 యాంప్స్ అంటే 1380 వాట్లు. 2000 వాట్లు అని రాసిన బ్లెండర్‌కి సన్నని వైరు, చిన్న ప్లగ్ ఉన్నాయంటే ఆ 2000 నిలకడగా లాగే పవర్ కాదని అక్కడే అర్థమైపోతుంది. నిజంగానే 1380 వాట్లు దాటిన మిషన్ తెచ్చుకుంటే వంటగది గట్టు దగ్గర 16 యాంప్స్ పవర్ ప్లగ్ ఉండాలి. లేకపోతే ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి పెట్టించుకోండి, ఎక్స్‌టెన్షన్ బాక్సుతో లాగించొద్దు. అమెరికాలో బాగా పేరున్న వైటామిక్స్ 5200 బ్లెండర్ కూడా 120 వోల్టుల దగ్గర 11.5 యాంప్సే తీసుకుంటుంది, అంటే 1400 వాట్ల లోపే. ఆకుకూరని నున్నగా చేయడానికి అది సరిపోతున్నప్పుడు మనకి 2500 అంకె మీద అంత ఆశ అక్కర్లేదు.

స్పీడు కూడా అంతే. అట్ట మీద ఉండే ఆర్‌పీఎం, అంటే నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందన్న అంకె, సాధారణంగా ఖాళీగా తిరిగినప్పటిది. లోపల ఐసు పడగానే ఎంతో కొంత తగ్గుతుంది, ఎంత తగ్గుతుందన్నదే మోటార్ సత్తా. మోటార్‌ని చల్లబరిచే ఫ్యాన్ కూడా అదే ఇరుసుకి బిగించి ఉంటుంది. బరువు ఎక్కువై మోటార్ నెమ్మదిస్తే ఫ్యానూ నెమ్మదిస్తుంది, సరిగ్గా గాలి ఎక్కువ కావాల్సిన సమయంలోనే గాలి తగ్గిపోతుంది. వేసవిలో లో వోల్టేజీ ఉన్న ఊళ్లలో మిక్సీలు తొందరగా కాలిపోవడానికి ఇదీ ఒక కారణం. అందుకే ఎంతసేపు ఆపకుండా తిప్పవచ్చో మాన్యువల్‌లో వెతకండి. కొన్నిటికి ఒక్క నిమిషమే ఉంటుంది, మామూలు మిక్సీలకి 5 నిమిషాలు తిప్పి 2 నిమిషాలు ఆపమని ఉంటుంది. మన జ్యూస్ షాపుల్లో అంతగా కనిపించే సుజాత మిక్సీ 900 వాట్లదే, కానీ 90 నిమిషాలు ఏకధాటిగా నడుస్తుందని కంపెనీ చెప్పుకుంటుంది. జ్యూస్ షాపు వాళ్లకి అంకెల మీద మోజు ఉండదు, పొద్దున్నుంచి రాత్రి దాకా ఆగకుండా తిరగాలి, అంతే. కాస్త చప్పుడు ఎక్కువైనా ఫర్వాలేదు, ఖర్చు అదుపులో ఉండాలి అనుకునేవాళ్లు దాన్ని కూడా లెక్కలో పెట్టుకోవచ్చు.

జార్ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే కాబట్టి. మంచి బ్లెండర్‌లో బ్లేడు కత్తిలా పదునుగా ఉండక్కర్లేదు, వైటామిక్స్ లాంటి వాటిలో అది మొద్దుగానే ఉంటుంది. పని చేసేది వేగం, ఆ వేగానికి జార్‌లో పుట్టే సుడి. పైనున్న ముక్కలు మధ్యలో సుడిలోకి దిగి, బ్లేడుకి తగిలి, గోడల వెంట పైకి వచ్చి మళ్లీ దిగుతూ ఉండాలి. ఈ చక్రం ఆగిందంటే కింద బ్లేడు గాలిలో ఊరికే తిరుగుతుంది, పైన ఆకులు పైనే ఉంటాయి. 2 లీటర్ల వెడల్పాటి జార్‌లో ఒక్క గ్లాసుకి సరిపడా వేస్తే జరిగేది అదే, బ్లేడు కూడా మునగదు, అంతా గోడలకి చిమ్ముకుంటుంది. ఒక్కరో ఇద్దరో తాగే ఇంటికి లీటరు, లీటరుంపావు జార్ లేదా అడుగు సన్నగా ఉన్న జార్ చూసుకోండి. నలుగురైదుగురు ఉంటేనే 2 లీటర్లది. మూత మధ్యలో చిన్న బిళ్ల తీసి, అందులోంచి లోపలికి నొక్కే కర్ర లాంటి ట్యాంపర్ ఇస్తున్నారంటే ఆ మోడల్‌కి ఓ మార్కు ఎక్కువ వేయండి, గడ్డకట్టిన పండుతో చిక్కటి స్మూతీ చేసేటప్పుడు అది లేకపోతే ఆపి గరిటతో కలిపి మళ్లీ తిప్పడమే సరిపోతుంది. మిషన్‌తో వచ్చిన ట్యాంపర్ తప్ప ఇంకేదీ తిరిగే జార్‌లో పెట్టకండి, దాని పొడవు బ్లేడుకి తగలనంతే ఉంచుతారు.

జార్ దేనితో చేసిందో కూడా అడగండి. గాజు బాగుంటుంది, వాసన పట్టదు, బరువెక్కువ, పడితే అంతే. స్టీలు గట్టిది, కానీ లోపల ఏం జరుగుతుందో కనబడదు. ఖరీదైన వాటికి ఎక్కువగా ట్రైటాన్ అనే ప్లాస్టిక్ వాడతారు, అందులో బీపీఏ (ఒంటికి మంచిది కాదన్న అనుమానం ఉన్న ఒక రసాయనం) ఉండదు. పగలని జార్ అని చవగ్గా అమ్మేవి కొన్ని పాలీకార్బొనేట్‌వి, దాని తయారీలోనే బీపీఏ ఉంటుంది, రోజూ నోట్లోకి వెళ్లే దానికి నేనైతే అది వద్దనే చెప్తాను. బోరు నీళ్లు వాడే ఇళ్లలో ప్లాస్టిక్ జార్ లోపల తెల్లటి పొర పట్టి మసకబారుతుంది, అది ఉప్పు పొరే, నిమ్మరసం గానీ వెనిగర్ గానీ నీళ్లలో కలిపి కాసేపు ఉంచితే పోతుంది.

బుల్లెట్ టైపు చిన్న బ్లెండర్లు, అంటే కప్పులో అన్నీ వేసి తలకిందులుగా బిగించి తిప్పేవి, ఒంటరిగా ఉండేవాళ్లకీ హాస్టల్ పిల్లలకీ చక్కగా సరిపోతాయి. 400 వాట్లవి పండు, పెరుగు, నానిన గింజల వరకే. గడ్డకట్టిన పండు, ఆకులు రోజూ వేయాలంటే 600 నుంచి 900 వాట్లవి తీసుకోండి. వీటిలో వేడి పదార్థం ఎప్పుడూ వేయొద్దు, గాలి పోయే దారి ఉండదు, ఆవిరికి కప్పు లోపల ఒత్తిడి పెరిగి మూత తీయగానే మొహం మీదికి చిమ్ముతుంది. దీని గురించి ఇంట్లో పిల్లలకి కచ్చితంగా చెప్పి ఉంచాలి.

అమెరికాలో ఉన్న అన్నయ్యో అక్కో వస్తూ వస్తూ అక్కడి బ్లెండర్ తెస్తామంటే తొందరపడి సరేననకండి. అక్కడ కరెంటు 120 వోల్టులు, ఇక్కడ 230. ప్లగ్‌కి యాడాప్టర్ తగిలించినంత మాత్రాన వోల్టేజీ మారదు, నేరుగా పెడితే మోటార్ కాలిపోతుంది. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టొచ్చు గానీ 1400 వాట్ల మిషన్‌కి కనీసం 2000 వీఏ (ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యాన్ని చెప్పే కొలత) ఉన్నది కావాలి, అది గట్టు మీద బ్లెండర్ కన్నా బరువైన పెట్టె అయి కూర్చుంటుంది. పైగా అక్కడి వారంటీ ఇక్కడ చెల్లుతుందని నమ్మకం పెట్టుకోలేం. కావాలంటే ఇక్కడ అమ్మే 230 వోల్టుల మోడలే కొనుక్కోండి, ధర ఎక్కువైనా సరే. అటు వెళ్లేవాళ్లదీ అదే సమస్య, ఇక్కడి మిక్సీ అక్కడ పనికిరాదు, అక్కడి ఇండియన్ స్టోర్లలో 110 వోల్టుల మిక్సీలు దొరుకుతాయి, అవి తీసుకోవాలి.

వారంటీ కాగితం కొనే ముందే చదవండి. మోటార్‌కి 5 ఏళ్లు అని పెద్దగా వేస్తారు, జార్, బ్లేడు, కప్లర్ (జార్‌ని మోటార్‌కి కలిపే ముక్క), వాషర్‌లకి అందులో చోటు ఉండకపోవచ్చు. రోజువారీ వాడకంలో ముందు అరిగేవి అవే. అందుకే అడగాల్సిన ప్రశ్న "జార్ విడిగా దొరుకుతుందా, ఎంత, ఎన్ని రోజుల్లో వస్తుంది" అని. ఆన్‌లైన్‌లో మాత్రమే అమ్మే, పేరు ఎప్పుడూ వినని కంపెనీ అయితే సర్వీస్ సెంటర్ నంబరుకి కొనే ముందే ఒకసారి ఫోన్ చేసి చూడండి. ఎవరూ ఎత్తకపోతే ఆ మోడల్ వదిలేయండి. మోటార్‌లో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు కొంతకాలానికి అరిగిపోతాయి, మామూలు మిక్సీకైతే మన వీధి మెకానిక్ దగ్గరే మార్పించుకోవచ్చు. దిగుమతి బ్లెండర్‌కి ఆ సౌకర్యం అంత తేలిగ్గా దొరకదు.

షాపులో నీళ్లు పోసి తిప్పి చూపిస్తారు, దాంతో ఏమీ తెలియదు. వీలైతే గుప్పెడు పాలకూర, ఓ క్యారెట్ మీరే తీసుకెళ్లి తిప్పమనండి, డెమో ఇచ్చే షాపుల్లో కాదనరు. తర్వాత గాజు గ్లాసులో పోసి వెలుతురుకి పెట్టి చూస్తే ఆకు చుక్కలు కనబడతాయా లేదా తెలిసిపోతుంది. చప్పుడు ఎంతో చెవులతోనే వినండి. హై పవర్ అన్నది ఏదైనా గట్టిగానే అరుస్తుంది, తెల్లారుజామున పసిబిడ్డ నిద్రపోయే ఇల్లయితే ఇది చిన్న విషయం కాదు. వెళ్లేటప్పుడు గట్టుకీ పై కప్‌బోర్డ్‌కీ మధ్య ఎత్తు కొలుచుకుని వెళ్లండి. వైటామిక్స్ 5200 లాంటివి జార్‌తో కలిపి 20 అంగుళాలు దాటతాయి, అక్కడ పట్టకపోతే రోజూ లోపల్నుంచి తీసి పెట్టాలి, ఓ నెలకి విసుగొచ్చి మానేస్తాం. టచ్ స్క్రీన్, పది రకాల ప్రోగ్రాములు, వీటికి డబ్బు పెట్టకండి. స్పీడు తగ్గించి పెంచుకునే నాబ్, నొక్కినంతసేపే తిప్పే ఒక పల్స్ బటన్ ఉంటే స్మూతీకి చాలు.

ఇంటికి తెచ్చాక వేసే వరస ముఖ్యం. నిలబెట్టే జార్‌లో ముందు పాలో నీళ్లో పెరుగో, దాని మీద మెత్తటి పండు, ఆకులు, అన్నిటికన్నా పైన ఐసు, గడ్డకట్టిన ముక్కలు. బుల్లెట్ కప్పు తలకిందులవుతుంది కాబట్టి వరస కూడా తిరగేయాలి, గట్టివి ముందు, ద్రవం చివర. తక్కువ స్పీడుతో మొదలుపెట్టి, సుడి పడ్డాక పెంచండి. ముప్పావు నిమిషం నుంచి నిమిషంలో అయిపోవాలి. ఇంకా ఎక్కువసేపు తిప్పితే రాపిడికి స్మూతీ గోరువెచ్చగా అయిపోతుంది, నురగా ఎక్కువవుతుంది. ఎండాకాలంలో బంగినపల్లి ముక్కలు ఫ్రీజర్‌లో దాచుకుని ఏడాదంతా వాడేవాళ్లు వాటిని ఓ 5 నిమిషాలు బయట పెట్టి వేస్తే మోటార్ మీద భారం సగం తగ్గినట్టే. మధ్యలో మిషన్ దానంతట అది ఆగిపోతే కంగారు పడొద్దు, వేడెక్కి ఓవర్‌లోడ్ రక్షణ పనిచేసింది. ప్లగ్ తీసి, చల్లారనిచ్చి, మిక్సీ అయితే అడుగున ఉన్న ఎర్ర బటన్ నొక్కండి. కొత్త మోటార్ మొదటి కొన్నిసార్లు కాస్త వాసన వేయడం మామూలే, పొగ వస్తే మాత్రం కాదు.

కడగడం తాగిన వెంటనే అయిపోవాలి. సగానికి గోరువెచ్చటి నీళ్లు, ఓ చుక్క సబ్బు వేసి అర నిమిషం తిప్పి కడిగేస్తే పని అయిపోతుంది. ఆరిపోనిస్తే అరటిపండు జిగురు బ్లేడు కింద గట్టిపడి వదలదు. వాషర్ విప్పదగినదైతే వారానికోసారి విప్పి చూడండి, దాని కింద నల్లటి బూజు పడుతుంది. జార్ అడుగు నుంచి నల్లటి నీళ్లు గానీ జిడ్డు గానీ కారుతున్నాయంటే లోపలి సీలు పాడైందని లెక్క, అప్పుడు ఆ జార్‌లో చేసింది తాగొద్దు, సీలో జారో మార్పించాకే మళ్లీ వాడండి.