పిల్లర్ పక్కన గిలాబు చీలింది: సరిచేసిన తీరు (నా అనుభవం)

నల్లగొండలో మా ఇంటి పని గిలాబు (గోడకు పూసే ప్లాస్టర్) దాకా వచ్చింది. నెల తిరగకముందే పిల్లర్, గోడ కలిసే చోట నిలువుగా, బీమ్ కింద అడ్డంగా వెంట్రుకంత చీలికలు. కాంక్రీటు, ఇటుక ఎండకు ఒకేలా సాగవు. పైగా గోడను ఆగకుండా బీమ్ దాకా కట్టేస్తే మాల్ (ఇటుకల మధ్య సిమెంటు, ఇసుక ముద్ద) ఆరి కుంగుతుంది. పుట్టీతో పూస్తే మళ్లీ ఎండాకాలానికి అదే గీత.

చీలికకు అటూ ఇటూ 150 మి.మీ. గిలాబు గ్రైండర్‌తో కోసి తీశాం. సందును 20 మి.మీ. లోతు చెక్కి, దుమ్ము కడిగి, కుంగని పాలిమర్ మాల్ కూరాం. నున్నటి పిల్లర్‌కు ఉలితో గాట్లు తప్పనిసరి. 300 మి.మీ. వెడల్పు చికెన్ మెష్‌ను (సన్న ఇనుప తీగల వల) బిగుతుగా లాగి, జానెడుకొక మేకు కొట్టాం. వదులైతే దాని వెనక గాలి నిలిచి, తట్టితే డొల్ల మోత వస్తుంది. సిమెంటు పాలు (నీళ్లలో పల్చగా కలిపిన సిమెంటు) పూసి, అవి తడిగా ఉండగానే 1:4 గిలాబు, అంటే ఒక పాలు సిమెంటుకు నాలుగు పాళ్లు ఇసుక. ఏడు రోజులు నీళ్లు, మధ్యాహ్నం తడి గోనె పట్టా.

పై అంతస్తులో బీమ్ కింద చివరి ఇటుక వరుస వారం ఆగి పెట్టించాం. మేస్త్రీ గొణిగాడు, గొణగనీ.