ముందు మ్యాపు, తర్వాతే కథ

నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు స్టీవెన్‌సన్ నిధి వేట నవల 'ట్రెజర్ ఐలాండ్' చెప్పాలనుకుంటే మొదటి పేజీతో మొదలుపెట్టకండి. తలా ఒక కాగితం ఇచ్చి ఓ దీవి మ్యాపు గీయమనండి. కొండ, వాగు, ఓడ ఆగే చోటు, నిధి ఉన్నచోట ఎర్ర గుర్తు. అసలు ఈ నవల పుట్టిందే అలా. 1881లో స్టీవెన్‌సన్ తన సవతి కొడుకుతో ఉన్నప్పుడు సరదాగా గీసిన మ్యాపులోంచే కథ అల్లుకుంది. ఈ సంగతి పిల్లలకూ చెప్పండి, తమ మ్యాపు మీద మోజు ఇంకా పెరుగుతుంది.

34 అధ్యాయాలూ చదివించాలని టెన్షన్ పడొద్దు. ఆ పాతకాలపు ఓడల మాటలు పెద్దవాళ్లకే కొరుకుడు పడవు, సంక్షిప్త ప్రతి చాలు. కానీ ఆపిల్ కోసం ఓడలోని పీపాలోకి దిగిన కథానాయకుడు, కుర్రాడు జిమ్, సముద్రపు దొంగల కుట్ర వినే ఘట్టం మాత్రం మీరే గొంతు తగ్గించి చదవండి. ఆ దొంగల నాయకుడు సిల్వర్ తన మనిషితో "ఓ ఆపిల్ తీసుకురా" అంటాడు చూడండి, సరిగ్గా అక్కడ పుస్తకం మూసేయండి! గోల చేస్తారు, చేయనివ్వండి.

ఇంకొకటి. సిల్వర్ మంచోడా, చెడ్డోడా అని వారానికోసారి చేతులెత్తించి, లెక్క బోర్డు మీద ఓ మూల రాసి ఉంచండి. అది మారుతూనే ఉంటుంది.